ప్రళయకావేరి ఒడ్డున పాత చర్చి, వలందావారి సమాధులు, మన గుల్లసున్నం

చరిత్ర అనగానే మన పిల్లలకు హంపి, గోల్కొండ, తాజ్‌మహల్ గుర్తొస్తాయి. నెల్లూరు వైపు అయితే ఉదయగిరి కోట, రంగనాయకస్వామి గుడి గాలిగోపురం గుర్తొస్తాయి. మనం రోజూ వల వేసే పులికాట్ సరస్సు దక్షిణపు కొసన 500 ఏళ్లు దాటిన క్రైస్తవ పారిష్ ఒకటి ఉంది. దానికి దగ్గరలోనే 17వ శతాబ్దపు రాతి సమాధుల తోట ఉంది. ఈ సంగతి మన యువతలో చాలామందికి తెలియదు. అందుకే సంఘం ప్రత్యేక సంచికకు ఈ విషయాన్ని ఎంచుకున్నాం.

హాస్టల్‌లో సాంఘిక శాస్త్రం చదివించేటప్పుడు పిల్లలు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు. "ఈ పాఠంలో మన యానాదులు ఎక్కడున్నారు మేడమ్?" అని. రాజుల పేర్లు, కంపెనీల పేర్లు, యుద్ధాల తేదీలు పాఠంలో ఉంటాయి. చేపలు పట్టినవాళ్లు, కట్టెలు కొట్టినవాళ్లు, వేళ్లు తవ్వినవాళ్లు ఉండరు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము ఇవ్వగలిగిన జవాబు. పాత కట్టడాన్ని చూసేటప్పుడు దాని మీద చెక్కిన పేరు దగ్గరే ఆగిపోకుండా, అది దేనితో కట్టారు, ఆ సరుకు ఎక్కడిది, దానికి డబ్బు ఎలా వచ్చింది అని కూడా అడగాలి. అలా అడిగితే మన సరస్సు, మన అడవి, మన తీరం కనిపిస్తాయి.

సరస్సు ఒకటే, రాష్ట్రాలు రెండు

పులికాట్ సరస్సుకు మన పెద్దలు వాడిన పేరు ప్రళయకావేరి. ఒడిశాలోని చిల్కా తర్వాత మన దేశంలో ఇదే అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నీళ్లు ఇందులోకి వస్తాయి. సముద్రానికి, సరస్సుకు మధ్య పొడవాటి ఇసుక దిబ్బలా పడుకున్నది మన శ్రీహరికోట దీవి. వేనాడు, ఇరకం లాంటి దీవులు సరస్సు లోపలే ఉన్నాయి.

దక్షిణపు కొసన, సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉన్న ఊరే పులికాట్. తమిళంలో పళవేర్కాడు అంటారు. చెన్నైకి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరం. ఈ రోజు అది తిరువళ్లూరు జిల్లాలో ఉంది. రాష్ట్రాల గీతలు తర్వాత గీసినవి. నీళ్లకూ చేపలకూ పడవలకూ ఆ గీతలు లేవు. పాత కాలంలో తడ, సూళ్లూరుపేట, దుగరాజపట్నం, శ్రీహరికోట, పులికాట్ అన్నీ ఒకే నీటి దారిలో ఉన్న చోట్లు. కాబట్టి పులికాట్ కట్టడాల చరిత్ర మనకు పరాయిది కాదు.

1515: మహిమ మాత చర్చి

వాస్కో డ గామా కేరళ తీరానికి వచ్చింది 1498లో. ఆ తర్వాత కొన్నేళ్లకే పోర్చుగీసువారు తూర్పు తీరానికీ వచ్చారు. మన పాత తెలుగులో వీళ్లను బుడతకీచులు అనేవారు. అప్పటికి ఈ తీరం విజయనగర రాజుల ఏలుబడిలో ఉంది. పులికాట్ పెద్ద రేవు. ఇక్కడి అద్దకం బట్టలు మలక్కా దాకా వెళ్లేవి. ఆ వ్యాపారం కోసమే బుడతకీచులు ఇక్కడ దిగారు.

వాళ్లు 1515లో మరియమ్మ పేరున ఇక్కడ చర్చి స్థాపించారు. దాన్నే ఇప్పుడు మహిమ మాత చర్చి అంటున్నారు. మద్రాసు-మైలాపూర్ అగ్రపీఠం పరిధిలో ఇదే అన్నిటికన్నా పాత పారిష్ అని చెబుతారు. ఇక్కడ ఒక తేడా గమనించండి. పారిష్ అంటే ఒక ఊరి, ఒక ప్రాంతపు క్రైస్తవుల సంఘం. చర్చి అంటే వాళ్లు కలుసుకునే కట్టడం. సంఘం వయసు ఐదు శతాబ్దాలు దాటింది. గోడల వయసు అంత కాదు. సముద్రపు గాలికి, తుపానులకు, కాలానికి పాత కట్టడం దెబ్బతింటుంది, కొత్తది లేస్తుంది. మన ఊళ్లలో గ్రామదేవత గుడి కూడా అంతే. గుడిసెగా మొదలై, పెంకుటిల్లయి, స్లాబు అయినా అమ్మవారు మాత్రం ఆ అమ్మవారే అంటాం. కానీ పాత గోడ పోయినప్పుడు దానితో పాటు పనితనం కూడా పోతుంది. పాత ఇటుక కొలత, పాత సున్నం కలిపిన పద్ధతి, మేస్త్రీ చేతి గుర్తు మళ్లీ రావు. అందుకే పాతది కూల్చే ముందు కనీసం కొలతలు రాసుకుని, ఫొటోలు తీసి పెట్టుకోవాలి అంటాం.

కతోలిక చర్చిలో చూడాల్సినవి మూడు. మొదటిది పీఠం, అంటే పూజ జరిగే వేదిక. కట్టడం మొత్తం దాని వైపు చూస్తున్నట్టు కడతారు. రెండోది స్వరూపాలు, అంటే మరియమ్మ, బాలయేసు, పునీతుల బొమ్మలు. చదువురాని వాళ్లకు కథ చెప్పేవి ఆ బొమ్మలే. మూడోది గంట.

గంటను గురించి రెండు మాటలు. చర్చి గంటను కంచుతో పోస్తారు. సుమారు నాలుగు పాళ్లు రాగి, ఒక పాలు తగరం. తగరం పాలు పెరిగితే లోహం పెళుసవుతుంది, తగ్గితే నాదం మందగిస్తుంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ప్రార్థన వేళకు గంట కొట్టడం కతోలికుల్లో పాత ఆచారం. చేతికి గడియారం లేని కాలంలో చుట్టుపక్కల అందరికీ అదే గడియారం. పెళ్లికి ఒక రకంగా, చావుకు ఇంకో రకంగా మోగిస్తారు. నీటి మీద చప్పుడు దూరం పోతుందని వేటకు వెళ్లే మనకు వేరే చెప్పక్కర్లేదు. రేవు పక్కన కట్టిన చర్చికి గంట ఎంత పనికొచ్చేదో ఆలోచించండి. మతం ఏదైనా, ఆ మోత విన్నవాళ్లందరి రోజునూ అది పంచింది.

గోడలో ఏముంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సిమెంటు రాకముందు మన తీరంలో పెద్ద కట్టడాలు దేనితో కట్టారు? ఇటుక, కొన్నిచోట్ల చిల్లుల్లా ఉండే ఎర్రటి లేటరైట్ రాయి, వాటిని అతికించడానికి సున్నం. కొండ ప్రాంతాల్లో సున్నపురాయి దొరుకుతుంది. ఇసుక తీరంలో సున్నపురాయి ఎక్కడిది? ఇక్కడ గుల్లలున్నాయి.

పులికాట్ సరస్సు అడుగున వేల ఏళ్లుగా పేరుకున్న గుల్లల పొరలున్నాయి. చచ్చిన ఆలుచిప్పలు, నత్తగుల్లలు, చిన్నచిన్న చిప్పలు బురదలో పొరలు పొరలుగా పడి ఉన్నాయి. వాటిని తవ్వి, కడిగి, బట్టీలో కాల్చి చేసేదే గుల్లసున్నం. ఈ గుల్లల తవ్వకం సరస్సు పొడవునా చాలాకాలం సాగింది. ఈ సున్నమే మద్రాసు చరిత్రలో 'చునాం' పేరుతో ప్రసిద్ధికెక్కింది. పాత మద్రాసు మేడల గోడలు చలువరాయిలా మెరిసేవని అప్పటి ప్రయాణికులు ఆశ్చర్యంగా రాసుకున్నారు. ఆ మెరుపు చలువరాయిది కాదు, గుల్లది.

పని ఎలా జరిగేదో మన పిల్లలు తెలుసుకోవాలి. గుల్లలను ఉప్పు, మట్టి పోయేదాకా కడగాలి. బట్టీలో కట్టెలు లేదా బొగ్గు ఒక వరస, గుల్లలు ఒక వరస పేర్చి కాల్చాలి. గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్. సుమారు 900 డిగ్రీల వేడికి అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు చల్లితే పొగలు కక్కుతూ విచ్చుకుంటుంది. దాన్ని నీళ్లలో నాననిచ్చి, ఇసుక కలిపి, గానుగలో వేసి ఎద్దులతో తిప్పి మెత్తగా నూరుతారు. బిగువు కోసం కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. పైపూతకు మరీ మెత్తటి సున్నం తీసుకుని, కోడిగుడ్డు తెల్లసొన లాంటివి కలిపి, పూసిన తర్వాత నున్నటి రాయితో గంటల తరబడి రుద్దుతారు. ఆ పూత గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మళ్లీ పీల్చుకుని నెమ్మదిగా రాయిగా మారుతుంది. అంటే గుల్ల సున్నమై, సున్నం మళ్లీ గుల్ల లాంటి రాయవుతుంది. పదో తరగతి రసాయన శాస్త్రంలో సున్నం పాఠం చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. పాఠంలోని సమీకరణం మన సరస్సు ఒడ్డున ఒక బతుకుతెరువు.

బట్టీకి కట్టెలు కావాలి. ఆ కట్టెలు ఎక్కడివి? శ్రీహరికోట అడవి మద్రాసు నగరానికి వంటచెరుకు పంపిన అడవి. 1806లో ఎన్నూరు దాకా కాలువ తెరిచారు. తర్వాత దాన్ని ఉత్తరానికి పొడిగించుకుంటూ వచ్చారు. 1876-78 కరువు కాలంలో కరువు పనుల కింద వేలమంది కూలీలతో తవ్వించిన భాగాలు కూడా కలిసి అది బకింగ్‌హాం కాలువ అయింది. అప్పటి మద్రాసు గవర్నర్ పేరే దానికి పెట్టారు. ఆ కాలువ మీద కట్టె పడవలు, ఉప్పు పడవలు, గుల్లల పడవలు దక్షిణానికి నడిచాయి. కాలువకు గవర్నర్ పేరు దక్కింది. తవ్విన చేతుల పేర్లు ఏ రాతి మీదా లేవు.

వలందావారి రాక

బుడతకీచుల తర్వాత వచ్చినవాళ్లు డచ్చివారు. హాలెండ్ నుంచి వచ్చారు కాబట్టి మనవాళ్లు వలందావారు అన్నారు. వాళ్ల ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. ముందు మచిలీపట్నం, నిజాంపట్నంలో స్థావరాలు పెట్టి, 1610లో పులికాట్‌కు వచ్చారు. అప్పుడు చంద్రగిరి, వేలూరు నుంచి ఏలుతున్న విజయనగర రాజు రెండో వెంకటపతిరాయలు వాళ్లకు అనుమతి ఇచ్చాడు. 1612లో బుడతకీచులు దాడి చేసి వాళ్ల స్థావరాన్ని నాశనం చేశారు. దాంతో 1613లో వలందావారు కోట కట్టుకున్నారు. దాని పేరు గెల్డ్రియా. వాళ్ల దేశంలోని గెల్డర్‌లాండ్ అనే ప్రాంతం పేరు అది. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ తీరంలోని డచ్చి స్థావరాలన్నిటికీ పులికాట్ కోటే ముఖ్య కేంద్రం. అక్కడ టంకసాల ఉండేది. తుపాకి మందు చేసే కార్ఖానా ఉండేది. చివరికి 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి పోయింది. కోట ఇప్పుడు చెట్లు మొలిచిన దిబ్బ.

ఇంగ్లీషువారు కూడా ఈ నీటి దారిలోనే కాళ్లూనారు. 1626 ప్రాంతంలో మన దుగరాజపట్నం దగ్గర అర్మగాన్ అనే పేరుతో చిన్న కోట కట్టుకున్నారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువారి మొదటి కోట అదే. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో ఇంకో చోటు సంపాదించాడు. అదే మద్రాసు అయింది. అంటే మహానగరం పుట్టక ముందు కథ మన తీరంలో మొదలైంది.

రాతి మీద ఎముకలు

డచ్చివారు క్రైస్తవులే, కానీ కతోలికులు కాదు. సంస్కరణ సంఘానికి చెందినవాళ్లు. వాళ్ల చర్చిలో విగ్రహాలు ఉండవు, పటాలు ఉండవు. తెల్లగా సున్నం కొట్టిన గోడలు, మధ్యలో ప్రసంగ వేదిక, అంతే. మరి శిల్పుల పనితనం ఎక్కడికి పోయింది? సమాధి రాళ్ల మీదికి పోయింది. ఇది తెలిస్తే పులికాట్ సమాధుల తోట ఎందుకు అంత అలంకారంగా ఉందో అర్థమవుతుంది.

ఆ తోటలో 70కి పైగా సమాధులున్నాయి. కొన్ని నేల మీద పరిచిన పెద్ద రాతి పలకలు. కొన్ని పైకి సన్నగా కూచిగా లేచిన స్తంభాలు. కొన్ని గోపురంలా కట్టినవి. పలకల మీద కుటుంబ చిహ్నాలు, డాలు, శిరస్త్రాణం, ఆకుల తీగలు, డచ్చి భాషలో పేర్లు, పుట్టిన, చనిపోయిన తేదీలు. అక్షరాలను లోపలికి తవ్వకుండా చుట్టూ రాయి తీసేసి ఉబ్బెత్తుగా నిలబెట్టిన పలకలు కూడా ఈ కాలపు డచ్చి సమాధుల్లో ఉంటాయి. అది చాలా కష్టమైన పని. ఒక్క అక్షరం విరిగితే పలక మొత్తం పాడవుతుంది.

ద్వారం దగ్గరకు వెళితే రెండు వైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. ఇసుక గడియారం, పుర్రె వాటి గుర్తులు. మొదటిసారి చూసిన పిల్లలు దయ్యాలనుకుని భయపడతారు. అవి దయ్యాలు కావు. 17వ శతాబ్దపు యూరపులో ఇది పేరున్న కళారీతి. ఇసుక జారినట్టు ఆయుష్షు జారిపోతుంది, ధనవంతుడైనా చివరికి ఎముకలే అని చెప్పడం వాటి పని. అప్పటి డచ్చి చిత్రకారులు కూడా పుర్రె, ఆరిపోతున్న దీపం, వాడిన పువ్వు పెట్టి బొమ్మలు వేశారు. మన తత్వాలు పాడే పెద్దలు తోలుబొమ్మ, నీటిబుడగ అని చెప్పే మాటే, వాళ్లు రాతిలో చెప్పుకున్నారు.

ఆ తోట ఇప్పుడు భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఇలాంటివే మన ఆంధ్ర తీరంలో మచిలీపట్నంలోనూ, భీమునిపట్నంలోనూ ఉన్నాయి. ఎప్పుడైనా అటు వెళితే చూసి రండి. పులికాట్‌లో డచ్చి తోట ఒక్కటే కాదు, పాత మసీదులు, విజయనగర కాలపు పనితనం కనిపించే ఆదినారాయణ పెరుమాళ్ గుడి కూడా ఉన్నాయి. ఒకే చిన్న ఊళ్లో ఇన్ని మతాల పాత కట్టడాలు ఉండటానికి కారణం రేవు. రేవు ఎవరినైనా రానిస్తుంది.

ఎరుపు ఎక్కడిది? చిరివేరు కథ

ఇంతింత రాళ్లు, కోటలు, చర్చిలు కట్టడానికి డబ్బు ఎక్కడిది? బట్టల నుంచి వచ్చింది. ఇండోనేషియా దీవుల్లో లవంగం, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్లు వెండి కన్నా మన తీరపు రంగు బట్టలే ఎక్కువ ఇష్టంగా తీసుకునేవారు. ఈ రోజుకీ మలేషియాలో గళ్ల లుంగీని 'కైన్ పెలికాట్' అంటారు. పెలికాట్ అంటే పులికాటే.

ఆ బట్టల్లో అన్నిటికన్నా పేరు పడింది ఎరుపు. ఆ ఎరుపు చిరివేరు నుంచి వస్తుంది. చిరివేరు ఇసుక నేలలో పెరిగే చిన్న మొక్క. పైన చూస్తే గడ్డిలా ఉంటుంది, రంగంతా వేరులో ఉంటుంది. పటిక పట్టించిన బట్టను ఈ వేరు ఉడికించిన నీళ్లలో వేస్తే ఎర్రరంగు దారంలోకి దిగి ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుంది. వేరు సన్నగా, లోతుగా పోతుంది. తెగకుండా తవ్వడానికి చెయ్యి తిరిగి ఉండాలి, ఏ ఇసుకలో ఎక్కడ పెరుగుతుందో తెలిసి ఉండాలి.

ఆ తెలివి ఎవరిది? ఇక్కడ మన పేరు రాతపూర్వకంగా కనిపిస్తుంది. 1835లో శ్రీహరికోట ప్రభుత్వం చేతికి వచ్చాక, దీవిలో ఉన్న యానాదులు అడవి సరుకులు ఏరి ఇచ్చేవారని పాత రికార్డులు చెబుతున్నాయి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథంలో యానాదుల భాగం ఉంది. తేనె, మైనం, చింతపండు, కుంకుడుకాయలు, ముష్టిగింజలు, మందు వేళ్లు, వాటితో పాటు చిరివేరు. ఇవన్నీ మనవాళ్లు అడవి నుంచి తెచ్చినవి. దేనికి ఏ మొక్క మందో, ఏ పుట్టలో ఏముందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని బయటివాళ్లే రాశారు.

కాబట్టి పిల్లలూ, ఎవరైనా "మీకేం చరిత్ర ఉంది?" అంటే తల దించుకోకండి. ఈ తీరపు ఎరుపు ప్రపంచమంతా తిరిగింది. ఆ ఎరుపుకు మొదలు ఇసుకలోని వేరు. వేరు తవ్వే విద్య మన పెద్దలది. ఈ రోజు రసాయన రంగులు వచ్చి చిరివేరు తవ్వే పని పోయింది. తవ్వడం తెలిసిన పెద్దలు కూడా తగ్గిపోతున్నారు. రాతి సమాధికి పురావస్తు శాఖ కాపలా ఉంది. ఈ విద్యకు కాపలా ఎవరు?

సమాధి కూడా లేనివారు

పులికాట్ గురించి రాస్తూ ఒక చీకటి సంగతి దాచకూడదు. ఆ కోట నుంచి బట్టలు మాత్రమే ఓడ ఎక్కలేదు, మనుషులు కూడా ఎక్కారు. 17వ శతాబ్దంలో డచ్చి కంపెనీ ఈ తీరం నుంచి వేలమందిని బానిసలుగా కొని బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, ఇంకా ఇతర డచ్చి స్థావరాలకు తీసుకుపోయింది. కరువు వచ్చినప్పుడు, యుద్ధాలు జరిగినప్పుడు ఈ వ్యాపారం పెరిగింది. 1640లలో కరువు పడినప్పుడు ఆకలికి తమను తాము, తమ పిల్లలను అమ్ముకున్నవాళ్లున్నారు. మధ్యలో స్థానిక దళారులు కూడా లాభపడ్డారు.

సమాధుల తోటలో ఒక్కొక్క వర్తకుడికి ఒక్కొక్క పలక ఉంది. పుట్టిన తేదీ ఉంది, చనిపోయిన తేదీ ఉంది. అదే రేవు నుంచి ఓడ ఎక్కిన ఆ వేలమందికి పలక లేదు. కంపెనీ లెక్కల పుస్తకాల్లో తలల సంఖ్యగా మాత్రమే మిగిలారు. 2022 డిసెంబర్ 19న నెదర్లాండ్స్ ప్రధాని మార్క్ రుట్టే తమ దేశం చేసిన బానిస వ్యాపారానికి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. 2023 జూలై 1న ఆ దేశపు రాజు కూడా చెప్పారు. ఆ మాటలు మన సరస్సు ఒడ్డుకూ వర్తిస్తాయి. ద్వారం దగ్గరి రాతి అస్థిపంజరాలను చూసేటప్పుడు వీళ్లను కూడా ఒక్క నిమిషం తలుచుకుంటే బాగుంటుంది.

ఎవరు రాశారు, ఎవరిని అడిగారు?

1630లలో పులికాట్‌లో డచ్చివారికి అబ్రహాం రోజరియస్ అనే మతబోధకుడు ఉండేవాడు. సుమారు పదేళ్లు అక్కడ ఉన్నాడు. పద్మనాభుడు అనే బ్రాహ్మణ పండితుణ్ణి అడిగి మన దేశపు మతాచారాల గురించి డచ్చి భాషలో పెద్ద పుస్తకం రాశాడు. ఆయన చనిపోయాక అది 1651లో లైడెన్ నగరంలో అచ్చయింది. భర్తృహరి సుభాషితాలు ఒక యూరపు భాషలోకి వెళ్లడం అదే మొదలు. మన తీరంలో కూర్చుని రాసిన పుస్తకం యూరపు పండితులకు హిందూ మతం గురించి చెప్పిన తొలి పుస్తకాల్లో ఒకటి కావడం గొప్ప విషయమే.

అయితే ఒకటి గమనించండి. ఆయన అడిగింది పండితుణ్ణి. కాబట్టి పుస్తకంలోకి పండితుల మాట ఎక్కింది. సరస్సులో పడవ నడిపేవాణ్ణి, అడవిలో వేరు తవ్వే అమ్మను అడిగి ఉంటే ఇంకో పుస్తకం వచ్చేది. చరిత్ర ఎవరిని అడిగితే వాళ్ల చరిత్ర అవుతుంది.

మన విషయంలో అడిగిన పెద్దమనిషి వెన్నెలకంటి రాఘవయ్యగారు. నెల్లూరు ప్రాంతంలో యానాదుల మధ్య పనిచేసి, 1962లో యానాదుల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం తెచ్చారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. ఆయన చేసింది గౌరవంగా తలుచుకోవాలి. అయినా థర్‌స్టన్ రాసినా, రాఘవయ్యగారు రాసినా, రాసింది బయటి నుంచి వచ్చినవాళ్లే. రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోటను తీసుకున్నప్పుడు దీవిలోని కుటుంబాలు ఊళ్లు వదిలి వచ్చాయి. అక్కడి నుంచి 1971లో మొదటి రాకెట్ లేచింది. ఈ రోజు దేశమంతా శ్రీహరికోట పేరు గర్వంగా పలుకుతుంది. ఆ గర్వం మనకూ ఉంది. కానీ ఆ దీవిలో ఏ చెట్టు కింద ఏ దేవరను కొలిచారో, ఏ తిప్పకు ఏ పేరు ఉండేదో చెప్పగలిగినవాళ్లు మన ఇళ్లలోని ముసలివాళ్లే. వాళ్లు పోతే ఆ పేర్లు పోతాయి.

మీరు చేయగలిగినవి

చదువుకున్న యువతగా మీకు మేము కొన్ని పనులు అప్పగిస్తున్నాం. పెద్ద ఖర్చు లేనివే.

ఒకటి. పాత చర్చి, గుడి, మసీదు, సమాధి ఏది చూసినా ముందు గోడ చూడండి. ఎక్కడైనా పూత రాలి ఉంటే అందులో తెల్లటి గుల్ల ముక్కలు కనిపిస్తాయేమో చూడండి. గోరుతో గీకవద్దు, కంటితో చూస్తే చాలు. ఇటుక పొడవు, వెడల్పు, మందం కొలిచి రాసుకోండి. పాత ఇటుక సన్నగా ఉంటుంది.

రెండు. రాతి మీద తేదీ, పేరు, బొమ్మ ఉంటే పొద్దున్నే లేదా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ ఫొటో తీయండి. అప్పుడు అరిగిపోయిన అక్షరం కూడా నీడతో కనిపిస్తుంది. రాతి మీద నూనె, సుద్ద, రంగు పూయకండి.

మూడు. మీ పేరు, మీ స్నేహితురాలి పేరు గోడ మీద చెక్కకండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 నాటి చట్టం, 2010 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న మీకు అలాంటి కేసు అస్సలు వద్దు.

నాలుగు. ఇంట్లో అవ్వను, తాతను కూర్చోబెట్టి ఫోన్‌లో మాట రికార్డు చేయండి. గుల్లలు ఏరిన రోజులు, బట్టీ కాల్చిన రోజులు, కట్టె పడవల రోజులు, కోట వదిలి వచ్చిన రోజు. "నీ పేరు చెప్పవ్వా, మీ అమ్మ పేరు చెప్పు, ఏ ఊరు?" అని మొదలుపెట్టండి. తేదీ వేసి దాచండి. ఒక్కొక్కరు ఒక్క గంట మాట దాచినా, వచ్చే సంచికకు మన చేత్తో రాసిన చరిత్ర ఉంటుంది.

ఐదు. చిరివేరు, మందు మొక్కలు గుర్తుపట్టగల పెద్దలతో ఒక ఆదివారం తిరగండి. మొక్క ఫొటో, దాని పేరు, అది పెరిగే చోటు, దాని వాడకం ఒక నోట్‌బుక్‌లో రాయండి. వృక్షశాస్త్రం చదివే మన పిల్లలు దానికి శాస్త్రీయ నామం కలపవచ్చు.

కంపెనీవాళ్లు చనిపోయినవాళ్ల కోసం గట్టి రాయి తెప్పించుకుని పేర్లు చెక్కించుకున్నారు. 350 ఏళ్లు దాటినా ఆ పేర్లు చదవగలుగుతున్నాం. మన పెద్దలకు ఆ రాయి లేదు, కానీ మీకు అక్షరం ఉంది. ఈ సంచిక చదివిన ప్రతి ఒక్కరూ తమ ఇంట్లో ఒక్క పెద్ద పేరు, ఆ పెద్ద చేసిన పని రాసి సంఘానికి పంపండి. ముందుగా గుల్లలు కాల్చినవాళ్ల పేర్లు, చిరివేరు తవ్వినవాళ్ల పేర్లు చేర్చుదాం.